నల్లమట్టి కింద ఏ సముద్రం

ముందుగా నిశ్చయమైనవి. ఉద్దానంలో మా అక్క కొబ్బరితోటలోని ఒరల నూతి అడుగున ఇసుక అయిపోయి నల్లని బంకమట్టి మొదలవుతుంది. ఆ మట్టిలో గుల్లలున్నాయి. నా చేత్తోనే తీశాను. దాని కింది నీరు ఉప్పగా ఉంది. నాలుకతో చూశాను, తరువాత నేను పాఠం చెప్పే టెక్కలి కళాశాలలోని ఉప్పు కొలిచే మీటరుతోనూ చూశాను. ఇక విన్నవి. పూర్వం సముద్రం ఒక్క రాత్రిలో మందస దాకా వచ్చి వెనక్కి పోయిందంటారు. పక్కతోట నూతిలో పడవ చెక్క దొరికిందనీ అంటారు. ఆ చెక్కను చూసినవారు ఇప్పుడు లేరు. చెక్క పొయ్యిలోకి పోయిందట. ఇటువంటి మాటలను ఖండించే ఓపిక నాకు చాలాకాలం కిందటే తగ్గిపోయింది. వేరుచేసి పెట్టే అలవాటు మాత్రం పోలేదు.

తుపానుకు కూలిన చెట్ల స్థానంలో అక్కా బావా నాటిన కొబ్బరి మొక్కలు ఇంకా కాపుకు రాలేదు. వాటికీ, ఇంటికీ నీరు ఆ ఒక్క నూతిదే. ఈ వేసవిలో బిందె దించితే అడుగు గీసుకుని పైకొచ్చేది. నూతి అడుగునుంచి ఇంకా లోతుకు బోరు దింపాలని బావ నిశ్చయించుకున్నాడు. ఆ ఆలోచన ఆయనకు మా కళ్లముందే వచ్చింది. తీరంలోని పల్లెనుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ అరుగు మీద గంప దించి, అక్కతో అంది:

"మీకిక్కడ నీళ్లకి కరువేటమ్మా? మేము సంద్రం పక్కన ఇసక తీత్తే సాలు, సెలమ నిండా కొబ్బరినీళ్లే."

బావ నా వైపు తిరిగాడు. "ఇన్నావా, సైన్సు మేష్టారూ? కెరటాల పక్కనే అంత తియ్యగుంటే, ఇంత లోపలికొచ్చి ఇంకా లోతుకెల్తే ఎలాగుండాల?"

"అది వాననీరు, బావా. ఇసుకలో ఇంకి, ఉప్పునీటి మీద పలచగా తేలుతుంది. చెలమను కాస్త లోతుచేస్తే వాళ్లకీ ఉప్పే తగులుతుంది."

"నువ్వెప్పుడు ఔనన్నావు గనక?"

"బాబుల వాదనకి నా సేపలు మళ్లీ ఉప్పెక్కిపోతన్నాయి," అంది ఆవిడ. "కొంతారా, ఎల్లిపోనా?"

బావది తెలివితక్కువ తర్కం కాదు. సముద్రం పక్కనే తియ్యని నీళ్లు తాగి పెరిగిన చోట తప్ప, మరెక్కడా పుట్టని తర్కం. ఎదురు చెప్పాలంటే నేల చరిత్ర మొత్తం ఎత్తుకోవాలి. ఎండలో కూర్చుని అంత కథ చెప్పడం నాకూ, వినడం ఆయనకూ కష్టమే.

పలాస స్టేషనులో దిగి ఆటోలో తోటకు వచ్చేటప్పుడు దారి కొంచెం ఎక్కుతుంది, కొంచెం దిగుతుంది. ఎక్కినచోట ఇసుక, జీడి, కొబ్బరి. దిగినచోట బరువైన నేల, వరి. ఆ ఇసుక దిబ్బల్లో చాలావాటిని ఒకప్పటి సముద్రతీరాలుగా అర్థం చేసుకోవాలి. పడమట కనిపించే కొండల రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. దాని ముందు ఈ దిబ్బలు నిన్నటివి. మంచుయుగంలో సముద్రం ఇప్పటి తీరానికి ఎంతో ఆవలికి తగ్గిపోయింది. మంచు కరిగాక వేల ఏళ్లపాటు మెల్లగా పెరిగింది, ఈ దిబ్బల దాకా చేరింది, మళ్లీ మెల్లగా వెనక్కి జరిగింది. ఒక్క రాత్రిలో కాదు.

బోరు పనివాళ్లు ముందుగా నూతి అడుగునుంచి నల్లమట్టిని తట్టలతో తీసి గట్టున పోశారు. అందులో గుల్లలు కనిపించగానే నేను సంతోషించలేదు. ఈ ప్రాంతంలో గుల్లలు కాల్చి సున్నం చేసేవారు; ఎవరో పారబోసినవి కావచ్చు. ఒక్కొక్కటీ కడిగి చూశాను. కాలిన జాడ లేదు. చాలావాటికి రెండు చిప్పలూ ఇంకా కలిసే ఉన్నాయి. మోసుకొచ్చి పోసినవైతే అలా ఉండవు. అవి అక్కడే బతికి, అక్కడే చచ్చాయి. ఒకప్పుడు ఇది ఉప్పునీటి మడుగు. ఆ మడుగు మట్టే ఇప్పుడు తియ్యని నీటికి అడుగుపళ్లెంగా నిలిచింది.

"బావా, ఆపించు. దీని కింద సముద్రపు నీరుండొచ్చు."

ఆయన ఇంట్లోకి వినిపించేలా కేకేశాడు. "ఇదిగో, సూడవే! మీ తమ్ముడు తోటలోన వల వెయ్యమంటన్నాడు."

పనివాళ్లు నవ్వారు. పైపు దిగింది. మట్టిపొర దాటగానే నీరు ఎగదన్నింది. బావ ముఖం వెలిగింది. దోసిలి పట్టి తాగబోయి, ఉమ్మేశాడు. మరునాటికి నూతిలోని పైనీటికీ ఆ రుచి పట్టింది. అక్క బిందెడు తోడి ఒక మొక్క మొదట్లో పోయబోయి ఆగిపోయింది.

అప్పుడు నాకొక స్వార్థం కలిగిందని రాయాలి. ఆ నీటి వయసు తెలుసుకోవాలనిపించింది. ఒక సీసా పట్టాను. కానీ పైనీరు పైపులోకి జారి కలిసిపోయింది, అలా కలిసినదానికి వయసు కట్టలేరు. నూతినీరు కలవకుండా వేరే గొట్టం దించి, శుభ్రంగా నీరు తీయించాలి. ఏర్పాటు చేసేదాకా రంధ్రం తెరిచి ఉంచుదామని అక్కతో అన్నాను. అది పాత సముద్రమో నేటి సముద్రమో తెలుస్తుందన్నాను.

"ఏ సంద్రమైతే నాకేటి, తమ్ముడూ? ముందా కన్నం మూసీయండి."

మూశాం. నూతి తోడించి, పైపు లాగించి, గట్టున పోసిన నల్లమట్టినే ఉండలు చేసి, రోకలితో కూరించాం. బావ స్వయంగా దిగి కూరాడు. పైకొచ్చాక నా వైపు చూడలేదు. వానలు పడ్డాక ఉప్పు తగ్గింది. మొక్కలకు పోస్తున్నారు. తాగడానికి మాత్రం అక్క పక్కింటినుంచే తెచ్చుకుంటోంది.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ మట్టి కింద ఉన్నది వెనక్కి జరిగినప్పుడు సముద్రం వదిలివెళ్లిన నీరా, లేక వేసవిలో అందరి మోటార్లూ తోడుతుండగా అడుగున నేటి సముద్రం నుంచి జరిగివస్తున్న నీరా? మొదటిదైతే మేము వేసిన మూత చాలు. రెండవదైతే మూతలతో ఆగేది కాదు, పొరుగు నూతుల్లోకీ వస్తుంది. రుచి రెండింటికీ ఒకటే. మీటరు కూడా ఉప్పెంతో చెబుతుంది గాని, ఎప్పటిదో చెప్పదు. తేల్చాలంటే ఆ మట్టిని మళ్లీ తొలవాలి. అక్క ఒప్పుకోదు. నేనూ అడగను.