సత్తెమ్మవ్వ గదికి రెండో దర్వాజ

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి రండి. మధ్యలో లేచిపోతే నాకు కోపం వస్తుంది, అసలే ఇది కోపంతో చెప్పే ముచ్చట. ఏళ్లు గడిచినా ఆ కోపం చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

రెండువేల పన్నెండో సంవత్సరం, ఎండాకాలం. మాది మేడ్చల్ పక్కన గౌడవెల్లి. మా ఆయన యాదయ్య తాపీ మేస్త్రీ. నేను లచ్చమ్మను, ఆయన పక్కనే పని చేసేదాన్ని. మొదట్లో సిమెంటు, ఇసుక మాలు కలపడం, ఇటుకలు అందించడం. తర్వాత తర్వాత గిలాబు కూడా నా చేతికే వచ్చింది. గిలాబు అంటే ప్లాస్టరింగ్, గోడకు వేసే సిమెంటు పూత. బడికి పోయింది తక్కువ కానీ, నేను చేయి పెట్టిన గోడ ఏదీ మరిచిపోలేదు.

మా పనిలో కొత్త ఇల్లు కట్టడం సుఖం. ఖాళీ జాగా, అడిగేవాళ్లుండరు. మనుషులు కాపురముంటున్న ఇంట్లో గోడ పగలగొట్టి దర్వాజ పెట్టడమే కష్టం. దుమ్ము పోయి కూరలో పడుతుంది, టీవీ వినబడదంటారు, పూజగది పక్కన చెప్పులేమిటంటారు. అన్నీ పడాలి. పడ్డాం చాలా ఇళ్లల్లో. ఈ ఇంట్లో మాత్రం పడలేకపోయాను.

ఆ ఇల్లు శామీర్‌పేట పోయే దారిలో ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు, ఆ మనిషి పేరు చెప్పను, పటేల్ అనే అంటాను. పొలాలున్న ఇల్లు. పొలాలు ప్లాట్లయ్యాక ఇంకా పెద్దదైన ఇల్లు. ఆయన తల్లి సత్తెమ్మవ్వ. షుగరుతో పాదం పుండు పడి, మోకాలి కింది నుంచి ఒక కాలు తీసేశారు. ఆమెను వెనక గదిలో పడుకోబెట్టారు. ఆ గదికి ఒకటే దర్వాజ, అది హాల్లోకి. ఒకటే కిటికీ, అది వరండాలోకి. బాత్‌రూం ఆమె మంచం పక్క గోడకు అవతలే ఉంది కానీ, దాని తలుపు అటువైపు నడవలోకి ఉంది. అవ్వ అక్కడికి పోవాలంటే హాలు దాటి, మెట్టు దిగి, నడవ చుట్టి పోవాలి. ఒకరు ఎత్తుకోవాలి, ఇంకొకరు పట్టుకోవాలి.

గోడ చూడటానికి పోయిన రోజు నాకు దాహమేసి నీళ్లడిగాను. పటేల్ భార్య చెంబుతో తెచ్చిచ్చింది. తాగి, మాటవరసకు అడిగాను. "నువ్వు గూడ తాగుతవా అవ్వా?"

"వద్దు బిడ్డా. తాగితే పోవాలె. పోవాలంటే ఎవలన్న రావాలె. పిలిస్తె వస్తరు, రారని గాదు. వచ్చేటప్పుడు వాళ్ల మొఖాలు జూడలేను."

అంత ఎండల్లో ఆ ముసలామె నీళ్లు మానుకుంది. పెదవులు పగిలి తోలు లేస్తోంది. నోట్లో నాలుక తడి లేక మాట అంటుకుపోతోంది.

పటేల్ గోడ మీద చేత్తో కొట్టి చూపించాడు. "గీడ ఒక దర్వాజ వెడితే అమ్మకు తిప్పలు తప్పుతయి గదా మేస్త్రీ?" నిజం చెప్పాలి, ఆ రోజు ఆయన మీద నాకు మర్యాదే కలిగింది.

అది తొమ్మిదించుల గోడ. పైన స్లాబు బరువంతా దాని మీదే ఉంది. నాలుగున్నర ఇంచుల అడ్డగోడైతే ధైర్యంగా కొట్టొచ్చు, దీన్ని అట్లా కొడితే పైనున్నది నెత్తి మీదికి వస్తుంది. అందుకే ముందు స్లాబు కింద జాకీలు నిలబెట్టాం. జాకీ అంటే బరువు ఆపే ఇనుప స్తంభం, తిప్పితే పొడుగవుతుంది. తర్వాత దర్వాజ పైభాగం వచ్చే చోట గోడ మందంలో సగం మేరకే ఇటువైపు నుంచి గాడి కొట్టి, అందులో లింటల్ వేశాం. లింటల్ అంటే దర్వాజ నెత్తిన పడుకునే దూలం, పై గోడ బరువును రెండు పక్కలకు పంచేది అదే. అది గట్టిపడ్డాక అవతలి సగం. రెండూ గట్టిపడేదాకా తడి గోనెపట్టాలు కప్పి నీళ్లు కొడుతూ ఉండాలి, దాన్ని క్యూరింగ్ అంటారు. అప్పుడు కానీ కింద గోడ మీద సుత్తె వెయ్యకూడదు.

పని జరిగినన్నాళ్లూ హాల్లో పడుకోమంటే అవ్వ ఒప్పుకోలేదు. "నా దర్వాజ వెడుతుంటే నేను జూడొద్దా?" అంది. మంచాన్ని ఇవతలి మూలకు లాగి, ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టాను. గుడ్డ లోపల నుంచే మాట్లాడేది.

"యాదయ్యా, నీ సుత్తె దెబ్బలకు నా తలకాయల పేండ్లు గూడ ఊరు ఇడిసి పోయినయ్ రా!"

మా ఆయన నవ్వు ఆపుకోలేక ఉలి జారవిడిచేవాడు. నేను ఆమెకు నీళ్లు పట్టేదాన్ని. ఎవరినీ పిలవక్కర్లేదు, నేనే ఎత్తుకుపోతానని ఒట్టు పెడితే కానీ తాగేది కాదు. గోడకు మొదటి కంత పడి అవతలి వెలుతురు వచ్చిన రోజు కళ్లు చిట్లించి చూసింది. "ఇన్నొద్దులాయె, గా నల్లా చుక్క చుక్క కారుడు ఇనుకుంట పండుకుంటి. ఇయ్యాల దాని మొఖం జూస్తున్న," అంది. ఆ నల్లాను చూసి అట్లా మురిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

దర్వాజ చట్రం, అదే చౌకట్టు, నిలబెట్టాం. తలుపు బిగించడం, అంచుల గిలాబు మిగిలాయి. ఆ రోజే వాస్తు సారు దిగాడు.

పటేల్‌కు ఏదో ప్లాట్ల బేరం ఆగిపోయిందట. ఇంట్లో ఏం మార్చారని సారు అడిగితే, కొత్త దర్వాజ సంగతి బయటికి వచ్చింది. సారు చాక్‌పీసు పట్టుకొని ఇల్లంతా తిరిగాడు. ప్రతి చౌకట్టు మీద ఒక గీత పెట్టుకుంటూ, పెదవులు కదుపుకుంటూ, చివరికి అవ్వ గది ముందు హాల్లో ఆగాడు.

"మొన్నటిదాక దర్వాజల లెక్క సరి ఉండె పటేలా. గిది వెట్టినంక బేసి వడ్డది. ఒకటి తగ్గాలె."

నాకు వాస్తు మీద పగ లేదు. ముహూర్తం చూడకుండా, పసుపు కుంకుమ పెట్టకుండా మేము చౌకట్టు ఎత్తిందే లేదు. ఒకటి తగ్గాలంటే తగ్గిస్తారు కాబోలు అనుకున్నాను. పటేల్ ఆలోచించనైనా లేదు.

"అట్లయితే ఇది మూసేద్దాం," అని అవ్వ గదికి హాల్లోకి ఉన్న దర్వాజ చూపించాడు.

మా ఆయనకు అర్థం కాలేదు. "ఏది పటేలా?"

"గిదే. కొత్తది ఎట్లయినా ఉండాలె, బాత్‌రూంకు. ఇగ హాల్లకు ఎందుకు? ఆమె నడుస్తదా, తిరుగుతదా?"

"మరి అన్నం?" అని నేనడిగాను.

"కిటికీ ఉన్నది గదా. వరండలకెళ్లి అందిస్తరు."

"పక్క మార్చాలంటే? ఎవలన్న కూసోని మాట్లాడాలంటే?"

"బాత్‌రూంలకెళ్లి పోతరు. ఏం, పోరాదా?"

ఇదంతా తల్లి వింటుండగానే. తలుపు బార్లా తెరిచి ఉంది, మంచం మీద ఆమె కళ్లు తెరుచుకొని ఉంది. బీరువాను ఈ మూల నుంచి ఆ మూలకు జరపమన్నట్టు చెప్పాడాయన. నా ఒళ్లు భగ్గుమంది. చేతిలో తాపీ ఉంది, అది ఎక్కడ పడేశానో కూడా తెలియదు, గచ్చు మీద ఖంగుమన్న చప్పుడే విన్నాను.

"పటేలా, జైల్ల గూడ మనిషికి తలుపు ఉంటది."

మా ఆయన నా మోచేయి గిల్లాడు. "ఊకోయే, మనకెందుకు?"

"నీకెందుకో నాకెర్క లేదు. నాకైతె కావాలె," అన్నాను.

పటేల్ నా వంక చూడలేదు. నన్ను చూడకుండానే మా ఆయనతో అన్నాడు. "యాదయ్యా, నీ పెండ్లాం మాలు కలిపేతందుకు వచ్చిందా, మాట్లాడేతందుకు వచ్చిందా?"

"మాలు కలప. ఈ దర్వాజకు నా చేత్తోని ఒక్క ఇటుక అందియ్య."

"నువ్వు గాకుంటే మేడ్చల్ కూలీల అడ్డ మీద మస్తుమంది ఉన్నరు. పొద్దుగాల్ల తోలుకొస్త."

ఆ మాట నిజం. అదే నన్ను ఇంకా మండించింది. నేను పని మానేస్తే ఇంకొకరు వస్తారు, తెల్లారి మధ్యాహ్నానికల్లా ఆ దర్వాజ గోడైపోతుంది, నా కోపం గౌడవెల్లిలో నా ఇంట్లో నాతో కూర్చుంటుంది. మా ఆయన తల వంచుకొని ఉలులు ఏరుకుంటున్నాడు. ఆయన్ను కూడా కొట్టాలనిపించింది.

అప్పుడు అవ్వ పిలిచింది. "లచ్చమ్మా, ఇటు రా. నన్ను కిందికి దించు."

పోయి ఎత్తాను. సిమెంటు బస్తాలు మోసిన చేతులు నావి, ఆమెను ఎత్తితే చేతులకు బరువే తెలియలేదు. కింద కూర్చోబెడితే, అరచేతులు నేలకు ఆనించి దేక్కుంటూ హాలు దర్వాజ దాకా పోయింది. గడప ఎక్కి, ఉన్న కాలు హాల్లోకి చాపి, చౌకట్టుకు వీపు ఆనించి కూర్చుంది. తర్వాత చేయి వెనక్కి పెట్టి కొప్పు విప్పేసింది. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది.

అప్పుడే పటేల్ భార్య దీపం ముట్టించడానికి అగ్గిపెట్టె తీసింది. అట్లాగే నిలబడిపోయింది. మన ఇళ్లల్లో గడప మీద ఎవరు కూర్చుంటారు? పిల్లలు కూర్చుంటేనే వీపు మీద ఒకటి వేసి లేపుతాం. అందులోనూ దీపాల వేళ, జుట్టు విరబోసుకొని, ఇంటి పెద్దది! ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి కాలు పోయేదాకా ఆ గడపలకు పసుపు రాసిన మనిషి. ఏం చేస్తున్నదో ఆమెకు తెలియదా?

"అమ్మా! లే! కడప మీద కూసుంటవా గీ యాళ్లకు?" అని పటేల్ అరిచాడు.

"కూసుంట. రోజు గిట్లనే కూసుంట. ఇటుకలు దెచ్చి నా సుట్టూత కట్టుకోర్రి."

"ఇంట్ల లచ్చిమి నిలువదే అమ్మా!"

"నిలువకుంటె వోనీ." అవ్వ గొంతు పెద్దది కాదు, కానీ ఆ పూట హాలంతా వినబడింది. "ఒక్కటి చెప్పు కొడుకా. రేపు నేను సస్తె నన్ను ఏ దర్వాజకెళ్లి ఎల్లదీస్తవు? కిటికీలకెళ్లా? బాత్‌రూంలకెళ్లా?"

పటేల్ తిరిగి వాస్తు సారు మొఖం చూశాడు.

వాస్తు సారుకు చెమటలు పట్టాయి. "ముందు అమ్మను లేవమనుర్రి పటేలా, ఇది మంచిది గాదు," అని గొణిగాడు.

అవ్వ ఆయన వైపు తిరిగింది. "ఏం సారూ, నీ బేసి దర్వాజ కీడా, నేను గీడ కూసునుడు కీడా? నీ సున్నపు గీతలల్ల జూసి చెప్పు."

సారు తన సంచిలోకి చూసుకున్నాడు. పటేల్ భార్య అగ్గిపెట్టె పట్టుకొనే, మొదటిసారి నోరు విప్పింది. "మెట్ల కింద సామాన్ల అర్రకు పెరట్లకెళ్లి ఇంకో తలుపున్నది గదా. ఎన్నడు తియ్యనే తియ్యం. అది మూస్తె గాదా?"

"అదైనా నడుస్తది," అన్నాడు సారు, పీక మీది కత్తి తీసినట్టు.

నడుస్తుందట! నా కోపం అక్కడ దిగిపోయిందనుకుంటున్నారేమో, అక్కడే అసలు కోపం మొదలైంది. ఆ తలుపు మీద కూడా చాక్‌పీసు గీత ఉంది. సారు లెక్కపెట్టాడు, పటేల్ వెనకాలే తిరిగి చూశాడు. చిలుము పట్టిన గొళ్లెంతో, సాలెగూళ్లతో, ఎవరికీ పనికిరాని తలుపు ఒకటి ఆ ఇంట్లో అప్పటిదాకా ఉండనే ఉంది. ఒకటి తగ్గాలనగానే పటేల్ నోటికి మొదట వచ్చింది మాత్రం తల్లి తలుపు.

అవ్వ వెంటనే లేవలేదు. "అయితె ఇటుకలు ఆడికి మోయుర్రి, నేను జూస్త," అంది. గోడ పగలగొట్టినప్పుడు తీసి హాలు పక్కన పేర్చిన ఇటుకలను మా ఆయన పెరట్లోకి మోశాడు, నేను కూడా మోశాను. చివరి తట్ట కదిలాక కానీ ఆమె నా మెడ చుట్టూ చేయి వెయ్యలేదు. మంచం మీద పడుకోబెట్టాక కోడలు వచ్చి ఆమె జుట్టు దువ్వి కొప్పు వేసింది.

తెల్లారి సామాన్ల గది తలుపు మూసేశాం. ఒక పూట పని. ఆ ఇంట్లో ఎవరికీ అది మూసినట్టే తెలియలేదు. అవ్వ కొత్త దర్వాజకు తలుపు బిగించి, పట్టుకోవడానికి గోడ పొడవునా ఇనుప గొట్టం వేశాం. ఆ సాయంత్రం ఆమె తనంత తాను పోయి వచ్చి, చెంబెడు నీళ్లు అడిగి తాగింది.

బండి మీద తిరిగొస్తుంటే మా ఆయన అన్నాడు. "నేను గూడ అనాల్సుండె."

"అనాల్సుండె," అన్నాను. ఓదార్చాలనిపించలేదు.

ఈ ముచ్చట ఎవరికి చెప్పినా, "పటేల్ చెడ్డోడు కాదులే, తల్లి కోసమే కదా గోడ పగలగొట్టించాడు," అంటారు. అదే నాకు మింగుడుపడదు. చెడ్డోడైతే తిట్టి మరిచిపోయేదాన్ని. తల్లికి బాత్‌రూం కావాలని తెలిసిన మనిషికి, తల్లికి మనుషులు కావాలని తెలియలేదు. ఆ తర్వాత మేము ఎన్నో ఇళ్లల్లో దర్వాజలు పెట్టాం, ఎన్నో మూశాం. మూయమని ఎవరన్నా అంటే, వాళ్లు మొదట చూపించిన దర్వాజ ఏదో, దాని వెనక ఎవరున్నారో చూసి కానీ నేను ఇసుక జల్లెడ పట్టలేదు. ఆ ఇంట్లో ఎవరి లెక్క ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఇంతసేపు కదలకుండా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో మంచాన ఉన్న మనిషి మెల్లగా పిలిచినా మీ చెవిన పడాలి, చెవిన పడగానే మీ మొఖం ముడుచుకోకుండా కాళ్లు కదలాలి. మీ పిల్లలు మిమ్మల్ని చూసి అదే నేర్చుకోవాలి. మీ కుండలో నీళ్లు, మీ ఇంట్లో మాటలు ఎన్నటికీ తక్కువ కావద్దు.