బాబా చిటికెన వేలు

జీవితమంతా ఏమీ వాయించకుండా, పాడకుండా, సంగీతంలో పేరు తెచ్చుకున్న మనిషికి నేను రోజూ అన్నం పెడతాను. ఈ మాట మొదట విన్నప్పుడు నాకే నవ్వొచ్చింది.

నేను పని చేసే ఇల్లు కువైట్‌లో, జహ్రా అనే ఊళ్లో. ఇంటావిడను ఇక్కడ అందరం పిలిచినట్టే మామా అంటాను. ఆమె పుట్టింది రష్యాలో. కువైటీ భర్త అక్కడ చదువుకునేటప్పుడు పెళ్లాడి తెచ్చుకున్నాడు. ఆమె తండ్రికి చూపు పోయి, మోకాళ్లు పడిపోయాక ఆయన్నీ ఇక్కడికే తెచ్చారు. ఆయన్ని చూసుకోడానికే నన్ను కడప నుంచి పిలిపించారు. ఆయన్ని నేను బాబా అంటాను.

"సోవియట్ రోజుల్లో మా నాన్న పెద్ద వాద్యబృందం ముందు నిలబడి చేతులతో నడిపించేవాడు" అని మామా ఒకరోజు గొప్పగా చెప్పింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఆయన ఏం వాయిస్తాడు మామా?"

"ఏమీ వాయించడు."

"మరి పాడతాడా?"

"పాడడు."

ఈ వింత మా ఇంటి డ్రైవరన్నకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయనది రాయచోటి. ఈ ఇంటికి రాకముందు షువైఖ్ గోడౌన్లలో లోడింగ్ పని చేశాడు.

"దాంట్లో వింతేముండాది చెల్లెమ్మా? షువైఖ్‌లో మా ఫోర్‌మన్ ఏపొద్దన్నా ఒక బస్తా ఎత్తినాడా? చెయ్యి చూపిచ్చేది, అరిచేది. జీతం మాత్రం వానికే ఎక్కువ."

"బాబా అరవడు గదన్నా."

"అరవకుండానే పని చేపిచ్చినాడంటే, మావానికంటే పెద్ద ఫోర్‌మనే!"

అయినా నా మనసు ఒప్పుకోలేదు. రోజూ పొద్దున రొట్టె తుంచి చేతికిస్తూ బాబాను గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఇద్దరిదీ వంటింటి అరబ్బీయే. ఆయనకు సగం వస్తే నాకు ఇంకో సగం వచ్చు. మంచులో రైళ్లెక్కి ఊరూరా తిరిగేవాళ్లట. ఇనుము కరిగించే ఫ్యాక్టరీల్లో, కార్మికులు అన్నం తినే హాల్లోనే కచేరీ. ఏం వాయించాలో, ఏది వాయించకూడదో పైనుంచి చెప్పేవాళ్లట.

"నువ్వు చేతులు ఆడించకపోతే వాళ్లంతట వాళ్లు వాయించలేరా బాబా?"

"ఎందుకు వాయించలేరు? బాగా వాయిస్తారు. కానీ అందరూ కలిసి ఎప్పుడు ఊపిరి పీల్చుకోవాలో ఒకరు చెప్పాలి కదా" అన్నాడు.

ఊపిరి పీల్చుకోడానికి కూడా ఒక మనిషా అనుకున్నాను.

బాబాకు ఒక అలవాటు ఉంది. నేను గిన్నెలు దబదబా పడేస్తే చాలు, ఎడమ చెయ్యి ఎదదాకా లేపి, అరచెయ్యి కిందికి పెట్టి, చిటికెన వేలు ఒక్కటే పైకెత్తేవాడు. తిట్టు లేదు, అరుపు లేదు. నాకు ఒళ్లు మండేది. "గిన్నెలేమన్నా మూగవా బాబా, చప్పుడు కాకుండా కడగడానికి?" అని పైకి కసిరేదాన్ని గానీ, ఆ చెయ్యి చూడగానే నా చేతులు వాటంతటవే మెత్తబడేవి. అదేం మాయో నాకు అంతుబట్టేది కాదు.

మొన్నటి చలికాలంలో ఒక కబురొచ్చింది. బాబా దగ్గర నేర్చుకున్న శిష్యుడొకాయన కువైట్ సిటీలో పెద్ద హాల్లో కచేరీ నడిపించడానికి వస్తున్నాడని. ఆ కబురు విన్నప్పటి నుంచి బాబాకు తిండి మీద ధ్యాస లేదు. గోళ్లు తియ్యమన్నాడు, నల్ల కోటు ఇస్త్రీ చెయ్యమన్నాడు. చివరికి, హాల్లో తన పక్కన కూతురు కాదు, నేనే కూర్చోవాలన్నాడు. మామా ముఖం చిన్నబోయింది.

"నా కూతురు నా మనసు నొప్పించకూడదని అబద్ధం చెబుతుంది" అన్నాడు నాతో. "నువ్వు చెప్పవు. నేను దగ్గరుండి చేయించిన సూప్, గిన్నెలు కడిగిన నీళ్లలా ఉందని నా ముఖానే అన్నావు."

"నేనేం చూడాలి బాబా?"

"వాడి చేతులు. వాడు ఎట్లా ఆడిస్తే, నా చెయ్యి పట్టుకుని అట్లా ఆడించు. పాట నాకు వినిపిస్తుంది. కానీ నా దగ్గరిది ఏమన్నా వాడిలో మిగిలిందా లేదా అన్నది చేతుల్లోనే తెలుస్తుంది. ఏమీ మిగల్లేదంటే, అదీ తెలియాలి నాకు."

ఆ సాయంత్రం హాల్లో ఆయన చక్రాల కుర్చీ పక్కన కూర్చుని ఎడమ మణికట్టు పట్టుకున్నాను. శిష్యుడంటే కుర్రాడనుకున్నాను. ఆయన తలా నెరిసిపోయింది. ఆయన చేతులు లేపగానే అంతమంది వాద్యగాళ్లూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. నేనూ పీల్చాను. అప్పుడు తెలిసింది బాబా చెప్పిందేమిటో.

స్టేజీ మీద చెయ్యి ఎటు పోతే బాబా చేతిని అటు తిప్పాను. "ఇది నాది కాదు" అని గొణిగాడు. కాసేపాగి, "ఇదీ కాదు" అన్నాడు. పాట మీద పాట అయిపోతోంది, ఆయన ముఖం వాడిపోతోంది. ఆయన వేలిని దొంగతనంగా నేనే లేపేద్దామా, ఎవరు చూడొచ్చారు, అని కూడా అనిపించింది. కానీ అందుకేనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది?

అంతలో పాట నెమ్మదించింది. నేను కదపకముందే నా పట్టులోని చెయ్యి తనంతట తాను లేచింది. అరచెయ్యి కిందికి, చిటికెన వేలు పైకి. గబుక్కున స్టేజీ వైపు చూశాను. అక్కడా అదే చెయ్యి, అదే వేలు! మా వంటింట్లో గిన్నెలు అణిగినట్టే అన్ని వాద్యాలూ అణిగిపోయాయి.

"అయ్యో బాబా, ఆ మనిషి కూడా ఎత్తినాడు!" అని తెలుగులోనే అరిచేశాను. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను మింగేసేటట్టు చూసింది. నేను ఆయన చెవి దగ్గరికి వంగి అరబ్బీలో చెప్పాను.

"చిటికెన వేలు కూడానా?"

"వల్లా, దేవుడి మీద ఒట్టు, చిటికెన వేలు కూడా."

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. "అది కూడా నాది కాదు" అన్నాడు. ఏం మనిషివయ్యా అనిపించింది నాకు.

ఇంటికి వచ్చే దారిలో కార్లో చెప్పాడు. నాకూ అర్థం కావాలనేమో, అరబ్బీలోనే చెప్పాడు.

"అది మా ఉస్తాద్‌ది. పరాయి దేశానికి కచేరీకి పోయి, ఆయన అక్కడే ఉండిపోయాడు, తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి దేశద్రోహి అని ఆయన పేరు ఎవరూ పలకకూడదన్నారు. పోస్టర్ల మీద తీసేశారు. రేడియోలో ఆయన రికార్డులు వెయ్యడం మానేశారు. నాకు ఉద్యోగం ఉంది, చిన్న కూతురు ఉంది. నేనూ నోరు మూసుకున్నాను. పేరు వదిలేసి, ఆ వేలు ఒక్కటి దాచుకున్నాను. పెద్ద పెద్ద అధికారుల ముందే లేపాను, ఒక్కరూ పట్టుకోలేదు. వీడు అది నాదే అనుకుని నేర్చుకున్నాడు. వీడికి కూడా చెప్పలేదు నేను."

ముందు సీట్లోంచి మామా వెనక్కి తిరిగింది. "ఆయన పేరేమిటి నాన్నా?"

బాబా ముందు పెదాలు మాత్రం కదిపాడు. తర్వాత చెప్పాడు. పొడుగాటి పేరు. మామా మెల్లగా పలికింది. నన్నూ పలకమన్నాడు. నాకు నోరు తిరగలేదు, మళ్లీ చెప్పించాడు. డ్రైవరన్న సగంలో తడబడి, "ఇదేం పేరు చెల్లెమ్మా, నాలిక మడత పడతాండాది!" అన్నాడు. అయినా బండి నెమ్మది చేసి, కూడబలుక్కుని మొత్తం పలికాడు.

"రేపు వాడు మన ఇంటికి భోజనానికి వస్తాడు. వాడితోనూ పలికించాలి" అన్నాడు బాబా. "ఏదీ, అందరూ కలిసి."

చీకట్లో ఆయన చెయ్యి లేచింది. మేం ముగ్గురం ఊపిరి పీల్చుకుని ఆ పేరు పలికాం. ఆ చెయ్యి దిగలేదు. అరచెయ్యి కిందికి ఉండటమే చూశాను ఇన్నాళ్లూ. అప్పుడది పైకి తిరిగింది.

"ఇంకా గట్టిగా" అన్నాడు బాబా.