గవాచిలో ఇరుక్కున్న మా పాప

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఫ్యాక్షన్ రోజుల్లో నేను ఒక పార్టీ మనిషిని. ఎవరైనా ఇంటి మీదికొస్తే, మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలిన కంత, గవాచి గుండా పైకెక్కి తప్పించుకోవాలి. ఎనిమిదేళ్ల మా పాప లావు. అందులో పట్టదన్న భయంతో ఆమెకు ఒక్క పూటే అన్నం పెట్టించేవాణ్ని, తిండిపోతని తిట్టేవాణ్ని.

ఎన్నికల నాటి మధ్యాహ్నం ఇంటి ముందు బాంబు పేలింది. నా భార్య ముందుగా మిద్దెక్కి పాపను లాగింది. నేను కింది నుంచి తోశాను. పాప నడుము దగ్గర ఇరుక్కుంది.

"యాడ దాంకున్నావురా, బయటికి రా!" అంటూ ఎదుటి పార్టీవాళ్లు తలుపును గొడ్డళ్లతో నరుకుతున్నారు.

"నేనేం తినలేదు నాయనా, ఒట్టు!" అని పాప ఏడ్చింది.

ఇంతలో పోలీసు జీపు రావడంతో వాళ్లు పారిపోయారు.

తర్వాత పాపను ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాం. "మీ ఇంట్లో ఇంకెవరన్నా ఇట్లా లావుగా ఉండారా?" అని అడిగాడు.

"మా అమ్మ, సార్."

"కొందరికి పుట్టుకతోనే ఆకలి ఎక్కువప్పా. జన్యువుల్లో తేడా ఉండొచ్చు. బిడ్డను తిడితే ఏం లాభం?"

ఇంటికొచ్చి గడ్డపారతో గవాచిని వెడల్పు చేస్తుంటే పాప కింద నిలబడి అడిగింది: "ఇంక నేను అన్నం తినొచ్చా నాయనా?"

ఒక్క పూటలో అయ్యే ఆ పని చేయక, నెలల తరబడి బిడ్డ కడుపు మాడ్చానని ఇప్పటికీ కుమిలిపోతుంటాను.