మూడో నంబరును మార్చమన్నాడు మా నాయిన

చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఫుట్‌బాల్ చూస్తుంటే, నేను బంతిని చూసేదాన్ని... మా నాయిన గడ్డిని చూసేవాడు.

నాయిన యూనివర్సిటీ క్యాంపస్ మైదానంలో పనిచేసేవాడు. పొద్దున్నే సున్నంతో గీతలు గీయడం, ఆట అయిపోయాక లేచిపోయిన గడ్డిపెళ్లలను మళ్లీ అదిమి నీళ్లు పట్టడం... ఏళ్ల తరబడి అదే పని. ఏ మూల ఎంత చెదిరిందో చూసి, ఆ రోజు ఆట ఎటు నడిచిందో, ఏ వైపు ఆటగాడు అలసిపోయాడో చెప్పేసేవాడు. మ్యాచ్ చూడకపోయినా సరే! బడి గుమ్మం తొక్కని మనిషి. ఆటగాళ్ల పేర్లు చదవలేడు. చొక్కాల మీది అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు.

మాది క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ బస్తీ. మా ఇంట్లో మొదట పుస్తకం పట్టింది నేనే. అప్పుడు ఏడో తరగతి.

ఒక సాయంత్రం హాస్టల్ టీవీ గదిలో రెండు విదేశీ జట్ల మ్యాచ్ పెట్టారు. దేశాల పేర్లు ఇప్పుడు గుర్తులేవు... పసుపు చొక్కాలు, తెల్ల చొక్కాలు గుర్తున్నాయి. ముందు కుర్చీలో కోచ్ సార్, చుట్టూ క్యాంపస్ జట్టు అన్నలు. వెనక గోడకు ఆనుకుని నాయిన, నేను. మర్నాడు వాళ్లకూ మ్యాచ్ ఉంది. సార్ అన్నారు...

"ఎవర్ని మార్చాలో ఆ టీవీలో కోచ్ కంటే ముందు ఎవరు చెబుతారో చూద్దాం. చెప్పినవాడు రేపు నా పక్కన బెంచీ మీద కూర్చుంటాడు."

సరదాకే అన్నారేమో. నాయిన మాత్రం గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

మైదానంలో గీతలన్నీ ఆయన గీసినవే. మ్యాచ్ మొదలైతే మాత్రం తాడు అవతలికి వెళ్లిపోవాలి. ఒక్కసారి ఆ బెంచీ మీద కూర్చుని ఆట చూడాలని ఆయన కోరిక. అమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నా రాత బాగుంటుందని సార్ నోట్‌బుక్ నా చేతికిచ్చారు. "మార్పులన్నీ ఇందులో రాయమ్మా" అన్నారు. ఎన్నో నిమిషం, ఎవరు బయటికి, ఎవరు లోపలికి... గీతలు కొట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను.

సగం ఆట అయ్యేసరికి పసుపు జట్టు ఒక గోల్ ముందుంది. మళ్లీ మొదలైన కాసేపటికి నాయిన నా పక్కన వంగాడు.

"గాడ చూడు బిడ్డా, పసుపోళ్ల ఎడమ దిక్కు గడ్డి మొత్తం లేసింది. అవతలోళ్లు అన్నీ ఆడికెల్లే వస్తున్నరు. గా మూడు నంబరోడు జారుతుండు, కాళ్లు అయిపోయినయ్ వానియి. వాణ్ణి మార్చాలె. రాయి."

"ఇంకా మార్చలే కద నాయినా. అయినయే రాయాలె."

"నేన్ చెప్పిన్నని రాయి. మనం అంటే ఇనరు... రాస్తే సదువుతరు."

"వద్దు నాయినా. తప్పు రాస్తే సార్ తిడ్తడు."

బడి నేర్పిన బుద్ధి అది. జరగనిది నోట్‌బుక్‌లో ఎక్కించకూడదు! ఎంత మొండిగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఏంది మల్లేశన్నా గుసగుస? నువ్వు గూడ కోచ్ అయినవా?" అని ఒకన్న వెనక్కి తిరిగాడు. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఆ పసుపు జట్టు కోచ్ తొమ్మిదో నంబరును తీశాడు. తర్వాత పదకొండు. తర్వాత పది! ముగ్గురూ గోల్ కొట్టేవాళ్లే. మూడో నంబరు పాపం నడుము మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తున్నాడు. నేను పళ్లు కొరుక్కుంటూ మూడు వరుసలూ ముత్యాల్లా రాశాను. అప్పట్లో మూడు మార్పులే.

"అయిపాయె. ఇగ ఒడిసింది" అన్నాడు నాయిన మెల్లగా.

కాసేపటికే మూడో నంబరు జారిపడ్డాడు... గోల్. చివర్లో మళ్లీ అదే వైపు నుంచి ఇంకోటి. పసుపు జట్టు ఓడిపోయింది.

సార్ లేచి నిలబడ్డారు. "ఆ మూడో నంబర్ని మార్చాలని మీలో ఒక్కడికైనా తట్టలేదుట్రా?"

నేను లేచాను. "మా నాయిన చెప్పిండు సార్. ఎప్పుడో చెప్పిండు!"

"రాశావా?" అంటూ నోట్‌బుక్ తీసుకున్నారు. చూశారు. అందులో ఏముంది... తొమ్మిది, పదకొండు, పది.

"గోల్ పడ్డంక అందరికీ ఎర్కయితది చెల్లే!" అని ఎవరో అన్నారు. గది గొల్లుమంది. సార్ నోట్‌బుక్ మూసి, "రాత బాగుందమ్మా" అన్నారు.

"నాయినా, నువ్వన్న జెప్పు!" ఏడుపొచ్చేసింది నాకు.

"ఊకో బిడ్డా. రేపటికి సున్నం నానబెట్టాలె" అని వెళ్లిపోయాడు.

మర్నాడు గీతలు గీసి, తాడు అవతలే నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఏ మ్యాచ్ చూసినా ఎవర్ని మార్చాలో నోరు విప్పి చెప్పలేదు.

ఇప్పుడు నేను అదే క్యాంపస్‌లో పీజీ చేస్తున్నాను. తార్నాకలో అద్దె ఇల్లు, ఇంట్లో సొంత టీవీ. మ్యాచ్‌లో ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు. సగం ఆట అవగానే తెర మీద మైదానం బొమ్మ వేసి, ఎక్కువ ఆడిన చోటంతా ఎర్రగా చూపిస్తారు. కోట్లు వేసుకున్నవాళ్లు దాన్ని కర్రతో చూపిస్తూ గంభీరంగా వివరిస్తుంటే చిరాకేస్తుంది... ఇది మా నాయిన వట్టి కళ్లతో చూసి చెప్పిందే కదా!

మొన్న ఒక మ్యాచ్ చూస్తూ పట్టుబట్టి అడిగాను. "నాయినా, ఎవర్ని మార్చాలె? నువ్వు చెప్పు, నేను రాస్త."

"నాకేం ఎర్క బిడ్డా... సదువుకున్నదానివి, నువ్వే జెప్పు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది అందుకే.

ఆటను చూపించే తెరలు ఇన్ని వచ్చాయి... ఆటను చూసే మనుషులు మాత్రం మాట్లాడటం మానేశారు. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఉంటే, మాట్లాడటం ఆపేయకముందు వాళ్లు ఏమనేవారో కింద కామెంట్లలో చెప్పండి. సాయంత్రం నాయినకు చదివి వినిపిస్తాను.