భావనపాడులో చప్పిడి అంబలి

నౌపడ స్టేషన్‌లో ప్యాసింజరు దిగేసరికి ఉదయం పది దాటింది. 2016, మార్చి నెల. కొత్తవలసలో ఎక్కినప్పుడు చల్లగానే ఉంది. ఇక్కడ ఎండ అప్పుడే నెత్తికెక్కి కూర్చుంది. నా సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి చుట్ట, బీపీ మిషను, రక్తం సీసాలు పెట్టుకునే ఐసు డబ్బా, టార్చి లైటు. పాతికేళ్ళు మిలటరీ నర్సుగా తిరిగినదాన్ని. అంతకు మించి మోసుకెళ్ళే అలవాటు లేదు.

స్టేషన్ బయట జీపు. దాని పక్కన డ్రైవరు. నన్ను చూశాడు, ట్రంకు పెట్టె చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"మిలట్రీ మేడమంటే ఏటో అనుకున్నానండి. మా మామ్మలాగున్నారు."

"మీ మామ్మ జీపు నడుపుతుందా?"

"నేదండి."

"నేను నడుపుతాను. తిన్నగా పోనీ."

పిల్లలూ, మీరు పూణే నుంచి ఫోను చేసినప్పుడల్లా సరిహద్దు ఆసుపత్రుల కబుర్లు అడుగుతారు. మంచు గురించి, గుడారాల గురించి. అవన్నీ చెప్పేశాను. ఈ సంగతి చెప్పలేదు. ఇది యూనిఫాం మడిచి పెట్టేశాక చేసిన డ్యూటీ. అయినా నా లెక్కలో ఇదీ పోస్టింగే.

సైన్యంలో చివరి ఏళ్ళు నేను మానసిక రోగుల వార్డులో పనిచేశాను. తుపాకీ పట్టిన చేతులు అన్నం ముద్ద పట్టలేకపోవడం అక్కడ చూశాను. అందుకే తీర గ్రామాల్లో మతి చెదిరినవాళ్ళకి వైద్యం చేసే సంస్థ ఒకటి, వర్షాలు పడేదాకా ఒక నర్సు కావాలంటే, వస్తానన్నాను. ఉత్తర్వులు చిన్నవి. భావనపాడు తుఫాను షెల్టరులో మకాం. ఇంటింటికీ వెళ్ళాలి. మాత్రలు మింగుతున్నారో లేదో చూడాలి. రక్తం తీసి పంపాలి. బుధవారం బుధవారం శ్రీకాకుళం నుంచి డాక్టరు వస్తాడు.

దారికి రెండు పక్కలా ఉప్పు మడులు. తెల్లటి కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. తరవాత సరుగుడు తోటలు. తరవాత ఇసుక. ఇసుక మీద ఫైబరు పడవలు, వాటి నీడలో కుక్కలు. షెల్టరు స్తంభాల మీద లేపిన గట్టి కాంక్రీటు మేడ. కిటికీల ఊచలు తుప్పు పట్టి చేత్తో ముట్టుకుంటే రాలేవి. ఫోను సిగ్నలు డాబా మీద ఒక్క మూలే వచ్చేది. మధ్యాహ్నం దాటితే దక్షిణపు గాలి, దాంతో పాటు అన్నంలోకి ఇసుక.

మొదటి బుధవారం ఒక కుర్రవాణ్ణి ఇద్దరు పట్టుకొచ్చారు. పేరు సింహాచలం. ముప్ఫై లోపు ఉంటాడు. కొన్నాళ్ళుగా నిద్ర లేదు. నిద్ర అక్కర్లేదంటాడు. ఒడ్డున నిలబడి పడవలన్నిటికీ ఉత్తర్వులిస్తున్నాడట. ఇక్కడ హార్బరు తానే కట్టేస్తున్నానని చెప్పి, తన వల దారిన పోయేవాడికి ఇచ్చేశాడు. చేపలకి సెలవు ప్రకటించాడు. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. కళ్ళు మాత్రం అలిసిపోయి ఉన్నాయి.

పట్టుకొచ్చిన ఇద్దరిలో ఒకామె వాళ్ళమ్మ నీలమ్మ, ఎండు చేపలు అమ్ముతుంది. రెండోవాడు ఆమె అల్లుడు, సింహాచలానికి బావ. పడవ అతనిదే. సింహాచలం, ఇంకో ముగ్గురు ఆ పడవ మీదే వేటకెళ్తారు.

డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. పిచ్చి కాదన్నాడు, మెదడుకొచ్చిన జబ్బన్నాడు. మనసు ఒకప్పుడు మరీ ఎత్తుకెళ్ళిపోతుంది, ఒకప్పుడు మరీ లోతుకి దిగిపోతుంది. లిథియం అనే మందు దాన్ని నిలబెడుతుందన్నాడు.

"బుర్రలోకి గాలేటైనా దూరిందేటి బాబూ?" అంది నీలమ్మ.

డాక్టరు నా వైపు చూశాడు. ఇలాంటి చోట నా వంతు వచ్చేది. నేను బావని అడిగాను, "నీ పడవ ఇంజనుకి యాక్సిలేటరు వైరు పట్టేస్తే ఏమవుతుంది?"

"రయ్యిమని రేసైపోతాది. ఒగ్గీసినా తగ్గదు."

"అప్పుడు ఇంజన్ని తిడతావా?"

"తిడతానండి."

డ్రైవరు పక్కున నవ్వాడు. "తిట్టాక?" అన్నాను.

"వైరు సూస్తాను."

"మెదడులో కూడా సన్నటి వైర్ల లాంటివి కోట్ల కొద్దీ ఉంటాయి. ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. మీవాడికి ఆ కబుర్లు ఆగకుండా పరిగెడుతున్నాయి. గాలీ లేదు, ధూళీ లేదు. ఈ మందు వైరుని సర్దుతుంది."

బావ సింహాచలం తల వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు.

పరీక్షలయ్యాయి. మాత్రలు మొదలయ్యాయి. డాక్టరు ఆజ్ఞలు నేనే మళ్ళీ చెప్పాను. నీళ్ళు బాగా తాగాలి. తిండి ఎప్పట్లాగే తినాలి, ఉప్పుతో సహా. అడక్కుండా ఏ మాత్రా మానకూడదు, వేరే ఏ మాత్రా కలపకూడదు. నీలమ్మ అన్నిటికీ తల ఊపింది.

నెల తిరిగేసరికి సింహాచలం నిద్రపోయాడు. నిద్రపోయి లేచాక సిగ్గుపడ్డాడు. ఇచ్చేసిన వల గురించి ఎవరైనా ఎత్తితే ఇసుకలోకి చూసేవాడు. అప్పటికి వేట నిషేధం వచ్చింది. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు ఇంజను పడవలేవీ కదలకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఇంజన్లు విప్పి నూనె రాసి మూట కట్టారు. మగవాళ్ళంతా పాకల్లో కూర్చుని వలలు బాగుచేసుకునేవారు.

అక్కడే ఒక పూట బావ చెప్పాడు.

"ఒరే సింహాచలం, ఇను. నా పడవ మీద ఐదు పేణాలు ఉంటాయి. నిసేదం ఎత్తీసిననాటికి నీ సెయ్యి తిన్నగా, బుర్ర తిన్నగా ఉన్నాయంటే ఎక్కించుకుంటాను. నేకపోతే నేదు. మీ అక్క ఏడిసినా నేదు."

"ఎక్కుతాను బావ," అన్నాడు సింహాచలం. సూది ఆపకుండానే అన్నాడు.

మీరు అర్థం చేసుకోవాలి. అక్కడ పడవలో చోటు లేని మగవాడు ఒడ్డున ఎవరి పక్కన కూర్చోవాలో తెలియని మనిషి. మందు మనసుని నిలబెట్టగలదు. మనిషిని నిలబెట్టేది ఆ పడవే. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మే నెల. వడగాలి. ఇసుక మీద చెప్పులు అతుక్కుపోయేవి. ఒక ఉదయం వలల పాక దగ్గరికి వెళ్ళాను. సింహాచలం సూది కన్నులోకి దారం ఎక్కించలేకపోతున్నాడు. చెయ్యి వణుకుతోంది. సన్నగా కాదు, కొమ్మ ఊగినట్టు. లేచి నా వైపు రెండడుగులు వేసి పక్కకి తూలాడు.

"పొద్దుటే తాగీసినాడండి," అన్నాడు బావ. గొంతులో కోపం కన్నా దిగులెక్కువ. "సెప్పినాను కదా. ఇలాగైతే ఎక్కించుకోను."

"తాగనేదు బావ." మాట ముద్దగా వచ్చింది.

దగ్గరికెళ్ళి వాసన చూశాను. సారా వాసన లేదు. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు అన్నాడు. బీపీ తక్కువగా ఉంది. నాలిక ఎండిపోయింది. వాణ్ణి ఇంటి అరుగు మీద పడుకోబెట్టించి, షెల్టరు డాబా ఎక్కి డాక్టరుకి ఫోను చేశాను.

"డాక్టరుగారూ, సింహాచలం. పెద్ద వణుకు. నడక తూలుతోంది. మాట తడబడుతోంది. వాంతులు."

"మాత్ర ఆపండి. సెలైన్ పెట్టించాలి. టెక్కలి తీసుకెళ్ళండి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం. నేను వార్డులో ఉంటాను. మందు ఒంట్లో ఎందుకు పెరిగిందో కనుక్కోండి."

కిందికి దిగి జీపు వాళ్ళింటి ముందు ఆపించేసరికి నీలమ్మ దానికి అడ్డంగా కూర్చుంది. ఇసుకలో, కాళ్ళు చాపుకుని.

"నా కొడుకుని తీసుకెల్లనీను. మీ మాత్రలే ఈడినిలాగ సేసినాయి. పిచ్చోడైనా నడిసేవోడు."

"సగం నిజమే నీలమ్మా," అన్నాను. "మాత్ర వల్లే. ఎందుకో తెలియాలి. వాడికేం పెడుతున్నావు?"

ఆమె విసురుగా లేచి లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. చోడి అంబలి, అంటే రాగుల జావ. "ఇదే పెడతన్నాను. పొద్దుటా ఇదే, రేత్రీ ఇదే. కూడనిదేటీ పెట్టనేదు. కావాలంటే తాగి సూడు."

తాగాను. నోట్లో మట్టి నీళ్ళలా ఉంది.

"ఉప్పు?"

"ఉప్పేటి? మందేసినప్పుడు పత్తెం సెయ్యరేటి? మా ఇంట్లో ఎవులకి మందేసినా సప్పిడే. మాత్రలు ఎట్టినకాడి నుంచీ ఉప్పు ముట్టనీనేదు. డాట్రుబాబు సిన్నోడు. పత్తెం సంగతి ఆయనకేటి తెలుస్తాది?"

"ఈవిడా తినడం నేదండి," అన్నాడు బావ మెల్లగా. "కొడుకు సప్పిడి తింటంటే నా నోట్లోకి ఉప్పెలాగ ఎల్తాదని."

ఆమె చేతుల వైపు చూశాను. ఇంజను లేని తెప్పల వాళ్ళు తెచ్చే చిన్న చేపలకి రోజంతా ఉప్పు పట్టించే చేతులు. వేళ్ళ సందుల్లో తెల్లగా పూసి ఉంది. ఆ చేతులే నెల పైగా సాయంత్రానికి కడుక్కుని, ఉప్పు లేని అంబలి కాచి, తల్లీకొడుకులిద్దరికీ పోశాయి.

కోపం రాలేదు పిల్లలూ. ఎవరి మీద తెచ్చుకోను?

ఆమెతో పాటు అరుగు మీద సింహాచలం పక్కన కూర్చున్నాను. "నీలమ్మా, ఒంట్లో కిడ్నీ కాపలా సిపాయి లాంటిది. ఉప్పు తక్కువైందని తెలిస్తే ఉన్న ఉప్పుని గేటు దాటనివ్వదు. ఈ మందు కూడా ఉప్పు జాతిదే. సిపాయి రెండిటికీ తేడా పోల్చుకోలేదు, దీన్నీ ఆపేస్తుంది. పైన ఈ ఎండ, ఈ చెమట. మందు లోపల పేరుకుపోయింది. ఇదిగో, తల వెనక ఇక్కడ చిన్నమెదడు ఉంటుంది. నడక, చేతి పట్టు దాని పనులే. మందు ఎక్కువై దాని మీద పడింది. అందుకే తూలుతున్నాడు."

ఆమె తన తల వెనక చెయ్యి పెట్టుకుంది. తరవాత కొడుకు తల వెనక పెట్టింది.

"అయితే నానే..."

"నువ్వు కాదు. నీ పథ్యం మంచి పథ్యమే. ఈ ఒక్క మందుకి సరిపడదు. అంతే. లే. జీపెక్కి వాడి తల ఒళ్ళో పెట్టుకో. వాంతి వస్తే పక్కకి తిప్పాలి. ఆ పని నాకన్నా నీకు బాగా వచ్చు."

నీలమ్మ ఎక్కింది. ముందు సీట్లో బావ ఎక్కాడు, అతన్ని ఎవరూ పిలవలేదు. డ్రైవరు ఉప్పు మడుల మధ్య గోతులు తప్పిస్తూ, "గట్టిగా పట్టుకోండి మామ్మా," అన్నాడు. ఆ రోజు నన్ను మేడమ్ అనడం మర్చిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు.

టెక్కలిలో సెలైన్ పెట్టారు. సాయంత్రానికి శ్రీకాకుళం చేరాం. రక్తం రిపోర్టు చూసి డాక్టరు, "ఎక్కువే ఉంది. టైముకి తెచ్చారు," అన్నాడు. నీలమ్మ వైపు తిరిగి ఇంకేదో అనబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆగిపోయాడు. మంచి కుర్రాడు.

వణుకు నెమ్మదిగా దిగింది. రోజూ కళ్ళ కదలిక చూసేదాన్ని, గీత మీద నడిపించేదాన్ని, ముక్కు మీద వేలు పెట్టించేదాన్ని. ఒక ఉదయం వేలు తిన్నగా ముక్కుని తాకింది. ఆ మధ్యాహ్నం సింహాచలం తల్లిని అడిగాడు.

"అమ్మా, ఉప్పుసేప కూర వొండుకు రానేదేటి?"

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. "ఇంక ఈవిడా ఉప్పు తింటాదండి," అన్నాడు బావ.

డాక్టరు మోతాదు తగ్గించి మందు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆజ్ఞలు నీలమ్మ చేత తిరిగి చెప్పించాను, వార్డులో కొత్త నర్సుల చేత చెప్పించినట్టు. ఉప్పు మానకూడదు, పెంచకూడదు. నీళ్ళు. వాంతులు, విరేచనాలు అయితే మాత్ర ఆపి వెంటనే రావాలి. చివర ఆమే ఒకటి కలిపింది. "పత్తెం సెయ్యాలనిపిస్తే మిలట్రీ అమ్మనడగాలి."

జూన్ వచ్చింది. నిషేధం ఎత్తేసే ముందు బావ షెల్టరుకి వచ్చాడు. సింహాచలాన్ని కూర్చోబెట్టి సూది, దారం ఇచ్చాడు. చూశాడు. దారం ఎక్కింది. కన్ను తరవాత కన్ను వల అల్లాడు. బావ వేలితో ముడి లాగి చూశాడు.

"సంద్రంలో ఏటైనా అయితేనండి?" అని నన్నడిగాడు.

"ఏమీ కాదని నేను చెప్పను. నీళ్ళు తాగుతూ ఉండాలి. అన్నిటికన్నా నిద్ర ముఖ్యం. ఇలాంటి మెదడుకి రాత్రి నిద్ర పోతే జబ్బు తిరగబెడుతుంది. రాత్రి వేట వద్దు."

"పగటి ఏటలో సేపలు తక్కువ పడతాయి. మిగతావోళ్ళు ఊరుకుంటారేటి?" ఇసుకలో వేలితో ఏదో గీశాడు, చెరిపేశాడు. "ఒరే, నిద్దర నీకు, నట్టం మాకూనా? ఇదేటి నాయం రా?"

"నువ్వు కూడా నిద్దరో బావ," అన్నాడు సింహాచలం. "నీ మొకం కొంచెం బాగుపడతాది."

బావ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. తరవాత ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు.

"సరే. ఈ నెల పగలే ఎల్దాం. సూద్దాం."

నిషేధం ఎత్తేసిన ఉదయం పడవకి పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. అలల వరసలు దాటేదాకా అందరం చూశాం. ఆ సాయంత్రమే నా డ్యూటీ అయిపోయింది. డ్రైవరు నౌపడలో నన్ను రైలెక్కించి, ట్రంకు పెట్టె సీటు కింద తోసి, "మామ్మా, ఒంట్లో ఎలాగున్నా ఫోన్ సేయండి," అన్నాడు. ఆమదాలవలస దాటాక వాన మొదలైంది. కొత్తవలసలో దిగేసరికి ప్లాట్‌ఫారం అంతా తడిసి ఉంది. ఇంటికొచ్చి తాళం తీసి, కిటికీలు తెరిచి, ఒక్కదాన్నే టీ పెట్టుకున్నాను. తరవాత నీలమ్మ పండగలకి ఫోను చేసేది. వాడు వేటకెళ్తున్నాడని, మాత్రలు మింగుతున్నాడని చెప్పేది. ఒక వానాకాలం మళ్ళీ కొంచెం తేడా చేసిందట. సొంతంగా ఆసుపత్రికి వెళ్ళి వచ్చాడట.

పాతికేళ్ళ సర్వీసులో చూసినవి చాలా మాసిపోయాయి. ఇదొకటి పోదు. వేటకి బయల్దేరిన ఆ ఉదయం పడవ అలలు దాటాక ఇంజను చప్పుడు తగ్గింది. ఎవరికో బాగోలేదనుకున్నాను. అంతలో పడవలో ఒకరి తరవాత ఒకరు నీళ్ళ సీసాలు పైకెత్తారు.

పక్కన నీలమ్మ అంది, "ఆడొక్కడే తాగితే జబ్బు మనిసిలాగుంటాడని, అందరూ తాగాలని మా అల్లుడు ఆడరేసినాడమ్మా."

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తారు. దూరంగా, పొద్దుటి ఎండలో, ఊగుతున్న పడవలో ఐదుగురు మగవాళ్ళు, తలలు వెనక్కి వాల్చి, ఒక్కసారే నీళ్ళు తాగుతూ. వాళ్ళలో సింహాచలం ఎవరో ఒడ్డు నుంచి నేను పోల్చలేకపోయాను.