బోటు మంటల గురించి నేను రాసిన కాగితం

నా మొదటి ఉద్యోగం బెజవాడలో, చేపల మరబోట్ల పనులు చూసే ఒక చిన్న ఆఫీసులో. డెబ్బైల మొదటి సంవత్సరాలవి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పటమటలో ఉన్న మా ఇంటి నుంచి క్యారేజీ పట్టుకుని బస్సులో వెళ్లేదాన్ని. ఓ కొట్టు పైన మేడమీద రెండు గదులు, ఒక టైపు మిషను, ఒక సైక్లోస్టైల్ మిషను, ఇంగ్లీషు పుస్తకాలు నిండిన ఒక బీరువా. ఆ పుస్తకాల్లోంచి బోటు వాళ్లకి పనికొచ్చే విషయాలు తీసి తెలుగులో రాయడం నా పని. రాశాక పేజీకొకటి చొప్పున మైనపు కాగితం మీద టైపు కొట్టి స్టెన్సిలు కోసి, నేనే మిషను మీద కాపీలు తిప్పేదాన్ని. సాయంత్రానికి గోళ్లన్నీ నల్లసిరా. ఇంటికెళ్లాక సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగినా మా అమ్మ నన్ను ఆవకాయ జాడీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆ సిరా వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

తమాషా ఏమిటంటే, బోట్ల గురించి అంత రాసే నేను అప్పటిదాకా సముద్రాన్ని ఒక్కసారే చూశాను. అదీ చిన్నప్పుడు, మాఘపౌర్ణమి స్నానానికి వెళ్లినప్పుడు, మా అమ్మ కొంగు వదలకుండా.

మా ఆఫీసరు గారు యాభై దాటినాయన. నన్ను కూడా ‘అండీ’ అనే పిలిచేవారు. ఒకరోజు ఓడల్లో అగ్నిప్రమాదాల గురించిన లావుపాటి అధ్యాయం నా బల్లమీద పెట్టారు.

“ఇదంతా పెద్ద ఓడల సంగతండీ. ఇందులో మన మరబోట్లకి పనికొచ్చేది తీసి ఒక్క స్టెన్సిలుకి సరిపడేట్టు రాయండి. ఎక్కువైతే వాళ్లు చదవరు” అన్నారు.

నాలుగు రోజులు కూర్చుని రాశాను. ‘అగ్ని ప్రజ్వరిల్లినచో ఇంధన సరఫరాను తక్షణమే నిరోధింపవలెను’ అన్నది అందులో మొదటి వాక్యం. మా నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. కాగితం చదివి మురిసిపోయి, ఒక సంధి దిద్ది ఇచ్చారు. ఆఫీసరు గారికీ నచ్చింది. “పదండి, బందరు వెళ్లి మీరే చదివి వినిపిద్దురుగాని” అన్నారు.

అది మొదలు బందరు బస్సు ప్రయాణం ప్రతిసారీ నాకు పండగలా ఉండేది. ఒకపక్క కాలవ, రెండోపక్క చేలు. ఉయ్యూరు దగ్గర పడుతుంటే చెరకు బళ్లు వరసకట్టి ఎదురొచ్చేవి. ఫ్యాక్టరీ నుంచి కాగుతున్న తీపి వాసన బస్సంతా నిండిపోయేది. ఆఫీసరు గారు అక్కడ దిగి, రుమాల్లో జాంపళ్లు కట్టించుకుని వచ్చి, సగం నాకిచ్చేవారు.

ఆ మొదటిసారి వెళ్లేసరికి బందరు రేవులో ఓ పాతికమంది వలలు బాగుచేసుకుంటూ కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దాయన ఒక సరంగు. సరంగంటే బోటు నడిపే పెద్ద. సన్నటి మనిషి, నెరిసిన మీసం, నెమ్మదైన మాట. ఆయనే అందర్నీ దగ్గరికి పిలిచాడు. నేను నిలబడి, గొంతు సవరించుకుని, కాగితం మొత్తం చదివాను. ఎవరూ కిక్కురుమనలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది. అప్పుడు చేపల తట్ట దించుకుని చెవొగ్గి వింటున్న ఒకావిడ అడిగింది.

“అమ్మాయిగారూ, ఇది పురాణమా అండీ?”

అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. ఆవిడ ఆ సరంగు గారి భార్యే. ఆయన మొహం చిన్నబోయింది.

“నువ్వుండవే. చాలా బాగుందండీ, మీరు చదవడం కూడా బాగుంది” అని నాతో అని, “కాకపోతే, ఇదంతా అర్థమయ్యేదాకా మంట ఆగదు కదండీ” అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. ఆయన నన్ను తన బోటు మీదికి రమ్మన్నాడు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఊగే పలక మీదుగా నడిచి ఎక్కాను. ఆయన ఇంజను గది మీదున్న రేకు తాపిన మూత ఎత్తాడు. డీజిలు వాసన గుప్పున కొట్టింది.

“నిరోధింపవలెను అంటే ఏంటండీ?”

“ఆపాలి అని.”

“దేన్నండీ?”

“డీజిలు ఇంజనుకి రాకుండా.”

ఆయన వంగి, గొట్టానికున్న చిన్న ఇత్తడి మర చూపించాడు. “దీన్ని మేం కాక్ అంటామండీ. కాక్ కట్టెయ్ అని రాయండి. నిద్రలో ఉన్నవాడికి కూడా అర్థమవుతుంది.”

ఆ మధ్యాహ్నమంతా బోటు మీదే కూర్చుని, ఆయన చెప్తుంటే రాసుకున్నాను. బోటు మొత్తం తిరిగి చూశాం. కిరసనాయిలు స్టవ్వు డీజిలు డబ్బా పక్కనే తాడుతో కట్టి ఉంది. ఇంజను తుడిచిన నూనె గుడ్డలు పొగ పోయే వేడి గొట్టం మీద ఆరేసి ఉన్నాయి. పుస్తకంలో చెయ్యకూడదని రాసినవన్నీ అక్కడ ఉన్నాయి. నేను ఏమీ అనకముందే ఆయన గుడ్డలు తీసి కింద పడేశాడు. “రోజూ చూసేదేనండీ. మీరొచ్చి చూస్తుంటే ఇప్పుడు కనపడుతోంది” అన్నాడు.

తర్వాత ఇసకలో ఒక ఇనప మూకుడు పెట్టి, అందులో డీజిలు పోసి, పైన కాస్త పెట్రోలు చల్లి అంటించారు. నూనె మంట మీద నీళ్లు పొయ్యకూడదని ఎందుకంటారో కళ్లతో చూపించాలని ఆఫీసరు గారి పట్టుదల. సరంగు గారి కింద బోటు మీద పనిచేసే ఒక కళాసీ దూరం నుంచి బొక్కెనతో నీళ్లు విసిరాడు. మంట మనిషెత్తు లేచింది. ఆఫీసరు గారు వెనక్కి గెంతిన గెంతుకి ఒక చెప్పు ఎగిరి రేవు కాలవలో పడింది. సరంగు గారు మాత్రం తడి గోనెసంచి రెండు చేతులతో పట్టుకుని, దగ్గరి అంచు నుంచి అవతలికి, అన్నం గిన్నె మీద మూత పెట్టినంత నిదానంగా పరిచేశాడు. మంట పోయింది.

బెజవాడ వచ్చి కాగితం మళ్లీ మొదటి నుంచి రాశాను. కాక్ కట్టెయ్యి. మూత వేసెయ్యి. గాలి పోయే కంతల్లో తడి గోనెలు కుక్కు. అన్నీ అలాంటి మాటలే. మా నాన్న ఈసారి చదివి ఏమీ దిద్దలేదు. స్టెన్సిలు మీదికి ఎక్కిస్తుంటే చివర ఒక్క లైనుకి చోటు చాలలేదు. ఏది తీసెయ్యాలా అని చూశాను. ‘మంట ఆరినట్టున్నా లోపల చల్లబడేదాకా మూత తియ్యొద్దు’ అని ఒకటుంది. మూత వేసెయ్యమని పైన చెప్పాం కదా, మళ్లీ తియ్యొద్దని చెప్పడం ఎందుకు అనుకున్నాను. కొట్టేశాను. కాపీలు తిప్పి బందరు పంపించాం. వాళ్లు బోటుకొకటి చొప్పున మైదా జిగురుతో అంటించుకున్నారని తెలిసి సంతోషపడ్డాను.

నాలుగైదు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆఫీసరు గారికి ఫోను వచ్చింది. ఆ సరంగు గారి బోటు నడి సముద్రంలో అంటుకుందట. మనుషులంతా క్షేమమేగానీ ఆయన చెయ్యి కాలిందట. ఇద్దరం అప్పటికప్పుడు బస్సెక్కాం.

ఆయన ఇంటి ముందు చూరు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. భార్య పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. మమ్మల్ని చూసి ఆయన లేవబోయాడు.

“డీజిలు గొట్టం చిట్లిందండీ. వేడి గొట్టం మీద పడి అంటుకుంది. మా కళాసీ కుర్రాడు చూసి, కాక్ కట్టెయ్ అని ఒకటే అరుపు. కట్టేశాం. మూత వేసేశాం. గోనెలు కుక్కాం. మీ కాగితంలో ఉన్నవన్నీ చేశామండీ, ఆఖరి లైను దాకా.”

ఆ మాట ఆయన గొప్పగా చెప్పాడు. పిల్లాడు లెక్క సరిగ్గా చేసి పలక చూపించినట్టు.

“మరి చెయ్యి ఎలా కాలిందండీ?” అని ఆఫీసరు గారు అడిగారు.

“పొగ ఆగిపోయిందండీ. ఆరిపోయిందనుకున్నాను. వల ఇంకా నీళ్లలోనే ఉంది, లాగాలంటే ఇంజను కావాలి కదా, ఇంజను ఏమైందో చూద్దామని మూత ఎత్తాను. లోపల్నుంచి భగ్గుమని లేచింది. మావాడు మూతని కాలితో తన్ని పడేశాడు కాబట్టి సరిపోయింది. తర్వాత వేరే బోటువాళ్లు మమ్మల్ని లాక్కొచ్చారు.”

నేను కొట్టేసిన లైను గుర్తొచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ కట్టు ఎదురుగా కనిపిస్తుంటే ఊరుకోలేకపోయాను.

“బాబాయిగారూ, ఇంకో లైను ఉందండీ. చల్లబడేదాకా మూత తియ్యొద్దని. చోటు చాలక నేనే కొట్టేశాను.”

విసనకర్ర ఆగింది. ఆవిడ నా వైపు చూసింది.

“ఎంత లైనమ్మా?”

నేను బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించాను. ఆవిడ నా వేళ్ల వైపు చూసింది, ఆయన చేతి వైపు చూసింది. “ఇంతేనా” అని, విసనకర్ర మంచం మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

“ఒక్క స్టెన్సిలు అన్నది నేనండీ, తప్పు నాది” అన్నారు ఆఫీసరు గారు.

సరంగు గారు తల అడ్డంగా ఊపాడు. “అవన్నీ ఎందుకండీ ఇప్పుడు. ఆ లైను వెయ్యండి. కానీ చల్లబడేదాకా అంటే ఎంతసేపు? సముద్రం మీద మాకు గడియారాలుండవు.”

ఆ లెక్క పుస్తకంలో లేదు. ఆయనే చెప్పాడు. “మూత మీద నీళ్లు పోస్తూనే ఉండాలండీ. పోసిన నీళ్లు ఆవిరి కాకుండా నిలవాలి. ఆ తర్వాత అరచెయ్యి పెడితే, తియ్యకుండా ఉంచగలగాలి. అప్పుడు కూడా, తీసేవాడు పక్కకి నిలబడి తియ్యాలి.” ఎడమచేత్తో మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించి చూపించాడు. నేను రాసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆఫీసరు గారు ఉయ్యూరులో దిగలేదు.

ఈసారి రెండు స్టెన్సిళ్లు కోశాను. ఎవర్నీ అడగలేదు. మూత గురించిన మాటలు అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో పెట్టాను. కాపీలు పోస్టులో పంపకుండా నేనే పట్టుకుని బందరు వెళ్లాను. పాతవి ఒక్కొక్కటీ నా చేత్తో చింపెయ్యాలనుకున్నాను.

రేవులో ఆవిడ కనిపించింది. నాకు పలకరించే ధైర్యం చాలలేదు. ఆవిడే దగ్గరికొచ్చి, కాగితాల కట్ట వైపు చూసి, “ఆ లైను పెట్టావా?” అని అడిగింది. పెట్టానన్నాను. ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. ఆవిడ వెళ్లి, ఒక డబ్బాలో జిగురు కలిపి తెచ్చింది. ఆ రోజు ఒడ్డున ఉన్న బోట్లన్నిటికీ ఆవిడే ముందు నడిచింది. ప్రతి బోటు దగ్గరా ఆగి, “పాతది చింపెయ్యండ్రా. ఇది సరైనది. మా ఆయన చెయ్యి చూశారుగా” అని కేకేసేది. నేను జిగురు రాసి అంటించేదాన్ని. ఎండకి ఇద్దరి మొహాలూ కందిపోయాయి. పని సగమయ్యేసరికి ఆవిడ నా జడ వెనక్కి వేసి, “జిగురు అంటుకుంటోంది, చూసుకో” అంది.

సరంగు గారి చెయ్యి మూణ్ణెల్లకి మానింది. చర్మం ముడుచుకుపోయి, వేళ్లు పూర్తిగా చాచలేకపోయేవాడు. అయినా మళ్లీ బోటెక్కాడు. నేను ఆ ఆఫీసులో ఇంకో మూడేళ్లు చేసి, పెళ్లయ్యాక టీచరు పనిలో చేరాను. మానేసే ముందు ఓసారి చెప్పి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ తలుపు వెనక నాకోసం కడుతున్న ఎండుచేపల మూట విప్పేసి, “అయ్యో, మీ ఇంట్లో చేపలు తినరుగా” అని నాలుక కరుచుకుంది. పెరట్లోకి వెళ్లి, చీర కొంగులో ఓ మోపెడు మునక్కాయలు తెచ్చింది. బస్సులో వాటిని నిలబెట్టడానికి చోటులేక పటమట దాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. ఆ సాయంత్రం మా అమ్మ పులుసు పెట్టింది. అంత కండగల కాయలు బెజవాడలో దొరకవని మా నాన్న రెండోసారి వడ్డించుకున్నారు.