కాకిముక్కులు

మా బాపు ఆదిలాబాద్ బస్సు కండక్టర్‌గా చేసేవాడు. ఇచ్చోడలో బస్సు చాయ్‌కి ఆగినప్పుడు పేపర్‌లోని అంకెల పజిల్ నింపేవాడు. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంచి, కరీంనగర్‌లో ఇల్లు చేరాక పేపర్ నా చేతిలో పెట్టేవాడు. చివరి గడి బిడ్డది. రిటైరై నా దగ్గరికి వచ్చాక కూడా ఆ కట్టుబాటు తప్పలేదు.

"అంకెలు సూడకు. మొదలు దాని మొఖం సూడు" అనేవాడు. బొద్దుగీతలతో తొమ్మిది డబ్బాలుంటే సుడోకు. నల్లగడుల్లో మొత్తాలు రాసి ఉంటే కూడికలది. గడికీ గడికీ మధ్య ఏది చిన్నదో ఏది పెద్దదో చెప్పే < > గుర్తులుంటే, దానికి బాపే కాకిముక్కులని పేరు పెట్టాడు. ముక్కు ఎటు పొడిస్తే అటు చిన్న అంకె. నేను తికమకపడితే, "గింత సదువు సదివి గిదేందే!" అని ఏడిపించేవాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది, పేపర్ విసిరికొట్టేదాన్ని.

పోయిన చలికాలం డాక్టర్ మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా" అని బాపే నాకు ధైర్యం చెప్పాడు. పజిల్‌ను గుర్తుపడుతున్నంత కాలం మా బాపు మాకున్నట్టే అనుకున్నాను. రోజూ పొద్దున "ఇయ్యాల ఏది బాపూ?" అని అడిగేదాన్ని. ఆయన సరిగ్గా చెబితే ప్రాణం కుదుటపడేది.

ఒకరోజు కూడికలదాన్ని సుడోకు అనుకుని నింపేశాడు. రెండు గడులు కలిపి పదిహేడు రావాల్సిన చోట మూడు, అయిదు వేశాడు. ఆయన స్నానానికి వెళ్లగానే రబ్బరుతో చెరిపి, ఎనిమిది, తొమ్మిది వేశాను. ఆ తర్వాత చెరపడమే నా పనైంది. నేను దిద్దిన గడుల మీద ఆయన వేలు పెట్టి చూసి, పేపర్ మడిచి పెట్టేవాడు.

మొన్న కాకిముక్కులు వచ్చాయి. హమ్మయ్య, తను పేరు పెట్టిందాన్ని ఎట్లా మరిచిపోతాడులే అనుకున్నాను.

"గడుల నడుమ గీ గీతలేంది బిడ్డా?"

"కాకిముక్కులు బాపూ."

"ఎవలు పెట్టిన్రో గని, మంచి పేరు" అని నవ్వాడు.

"నువ్వే పెట్టినవ్!" అని అరిచాను. అరిచి, నాలుక కరుచుకున్నాను. ఏడుపు ఆగలేదు.

బాపు పెన్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చెరిపి చెరిపి పరేషాన్ అయితున్నవ్. ఇయ్యాల్టి సంది గడులన్ని నువ్వే నింపు బిడ్డా. ఆఖరుది ఒక్కటి నాకిడిసిపెట్టు."